పాత మందు ఇంకా మింగుతున్నావు

చిట్టితల్లీ,

నువ్వు పంపిన నాలుగు గోల్ఫ్ వీడియోలూ చూశాను. "బాగానే కొడుతోంది కదా, మీకెందుకండీ అంత టెన్షన్" అని మీ అమ్మ. బంతి కొంచెం కుడికి బయల్దేరి, సగం దూరం వెళ్లాక ఎవరో తాడు కట్టి లాగినట్టు ఎడమకి తిరిగి చెట్లలో పడుతోందని ఆవిడకి ఎలా చెప్పను!

కర్ర ఊపే పాత తీరుకే, ఆ పాత స్వింగ్‌కే వెళ్లిపోతానని రాశావు. ఆ పని మాత్రం చెయ్యకు. అప్పట్లో నీ క్లబ్, అంటే ఆ కర్ర, బయటి నుంచి లోపలికి అడ్డంగా వచ్చేది, అందుకే బంతి కుడికి వంగిపోయే ఆ స్లైస్. ఇప్పుడు లోపలి నుంచి వస్తోంది, మీ కోచ్ చక్కగా దిద్దాడు. కానీ ఆ స్లైస్‌ని ఆపడానికి మనం పెట్టుకున్న చిట్కాలు ఒక్కటీ తీసినట్టు లేదు. జ్వరం తగ్గింది, మాత్రలు మింగుతూనే ఉన్నావు.

మూడో వీడియోలో బంతి ముందు నిలబడిన చోట ఆపి చూడు. ఎడమచేతి మీద నాలుగు మెటికలు కనిపిస్తున్నాయి. కుడిచెయ్యి షాఫ్ట్ (కర్ర కాడ) అడుగువైపుకి తిరిగిపోయింది. ఆ గ్రిప్ నేర్పింది నేనే, తప్పు నాదే అనుకో. బంతి దగ్గరికి వచ్చేసరికి చేతులు వాటి మామూలు స్థితికి తిరుగుతాయి, దాంతో ఫేస్, అంటే క్లబ్‌లో బంతికి తగిలే ముఖం, ఎడమకి తిరిగి మూసుకుపోతుంది. మెటికలు రెండు, మహా అయితే రెండున్నర కనిపించేలా పట్టుకో. మొదటి రోజు పరాయి చెయ్యిలా ఉంటుంది. కుడికాలు కూడా ఇంకా వెనక్కి లాగి నిలబడుతున్నావు, రెండు పాదాలూ ఒక గీత మీదకి తీసుకురా.

సెవెన్ ఐరన్ క్లబ్‌తో బాగానే పోతోంది, దూరం కొట్టే డ్రైవర్‌తోనే ఈ గోల ఎందుకని అడిగావు. ఐరన్‌కి లాఫ్ట్, అంటే ఫేస్ వెనక్కి వాలే వాలు, ఎక్కువ, బంతి వెనక్కి గట్టిగా తిరుగుతూ లేస్తుంది కాబట్టి చిన్న తప్పు అందులో కలిసిపోతుంది. డ్రైవర్‌కి ఉండేది తొమ్మిదో పదో డిగ్రీలు. ఫేస్ రెండు డిగ్రీలు మూసుకున్నా బంతి తక్కువ ఎత్తులో దూసుకుపోతూ ఎడమకి తిరుగుతుంది.

నాకూ ఈ జబ్బు వచ్చింది. గోల్కొండలో, నయా ఖిలా పక్క కోర్సులో, వరసగా మూడు టీల (మొదటి దెబ్బ కొట్టే చోట్ల) నుంచి హుక్, అంటే ఇలాగే బంతి ఎడమకి తిరగడం. నేను చేతుల్ని తిట్టుకుంటున్నాను. నా క్లబ్బుల బ్యాగు మోస్తూ వెనక నిలబడ్డ క్యాడీ నెమ్మదిగా "కమర్ రుక్‌జారీ సాబ్" అన్నాడు. నిజమే, నడుము ఆగిపోతోంది. ఒళ్లు ఆగితే చేతులు దాటిపోయి ఫేస్‌ని తిప్పేస్తాయి. నీ వీడియోలోనూ కొట్టే క్షణంలో బెల్ట్ బకిల్ ఇంకా బంతి వైపే చూస్తోంది. అది అప్పటికే టార్గెట్ వైపు తిరగడం మొదలుపెట్టి ఉండాలి.

ప్రాక్టీస్ రేంజ్‌లో బంతికి ఒక అడుగు వెనక, నీ వైపుకి, ఖాళీ బంతుల డబ్బా పెట్టు. క్లబ్ మరీ లోపలి నుంచి వస్తే డబ్బా ఎగిరిపోతుంది. ఫేస్ మీద కాస్త టాల్కం పౌడర్ అద్దుకో. మచ్చ టో వైపు, అంటే ఫేస్ బయటి కొస వైపు, పడుతుంటే అది కూడా హుక్‌కి సాయం చేస్తోందన్నమాట.

ఎప్పుడైనా టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్ వైపు వెళ్తే కలోనియల్ గోల్ఫ్ క్లబ్‌లో పాత తరం అమెరికన్ గోల్ఫర్ బెన్ హోగన్ విగ్రహం చూడు. కుర్రతనంలో ఆయన్ని హుక్ పీక్కు తినేసింది. ఎడమచేతి గ్రిప్‌ని నీకు చెప్పినట్టే ఎడమకి కాస్త తిప్పి, బంతి కొంచెం కుడికి వంగేలా కొట్టడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత 1948 నుంచి 1953 లోపు నాలుగు యూఎస్ ఓపెన్ గోల్ఫ్ టైటిళ్లు గెలిచాడు, మధ్యలో 1949లో ప్రాణం మీదికి వచ్చిన కారు ప్రమాదం కూడా ఉంది.

ఇంకొకటి, రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. పోయిన వేసవిలో నువ్వు డ్రైవర్ మోసుకొచ్చినప్పుడు దాని తలలోని వెయిట్‌ని 'డ్రా' వైపు జరిపాం కదా, బంతి ఎడమకి రావాలని. మళ్లీ మార్చావా? మార్చి ఉండవు, ఎందుకంటే ఆ రెంచ్ ఇక్కడే షూ ర్యాక్ మీద ఉంది. నువ్వడిగిన కుక్కర్ గాస్కెట్‌తో పాటు మీ అమ్మ చెక్-ఇన్ బ్యాగులో పెట్టాను. ఈలోపు గ్రిప్ సంగతి చూడు.

నాన్న