కహిల్ట్నా మంచు మీద దింపి, మళ్లీ నేల మీదికి చేర్చినవాళ్లకు

ఉత్తర అమెరికాలోకెల్లా ఎత్తైన శిఖరం డెనాలి (20,310 అడుగులు) ఎక్కి దిగిన మా జట్టు తరఫున అలాస్కాలోని టాకీట్నా పైలట్లకు, మెకానిక్‌లకు, సామాను తూచి ఎక్కించినవాళ్లకు, బేస్‌క్యాంపు మేనేజర్‌గారికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఈ మాట వాళ్లకు ఇంగ్లీషులో చెప్పే వచ్చాం. శిఖరం ఫొటో చూసి అభినందించిన మనవాళ్లకు, ఆ అభినందనల్లో ఆ టాకీట్నావాళ్ల వాటా ఎంతో తెలియాలని ఇక్కడ తెలుగులో రాస్తున్నాం.

టాకీట్నా నుంచి కొండ పాదానికి రోడ్డు లేదు. బుష్ ప్లేన్‌లో (సరైన రన్‌వే లేని చోట కూడా దిగగల చిన్న విమానంలో) అరగంట, ముప్పావుగంట ఎగిరి, కహిల్ట్నా గ్లేసియర్ (హిమానీనదం) మీద 7,200 అడుగుల ఎత్తున ఉన్న బేస్‌క్యాంపులో దిగాలి. ఈ దారికి మూలం 1951. అప్పట్లో అలాస్కా విశ్వవిద్యాలయం అధ్యక్షుడిగా ఉన్న టెరిస్ మూర్, స్కీలు (మంచు మీద జారే పొడవాటి పలకలు) బిగించిన చిన్న విమానంలో పర్వతారోహకుడు బ్రాడ్‌ఫర్డ్ వాష్‌బర్న్‌ను ఈ గ్లేసియర్ మీద దింపారు. ఆ వేసవిలోనే డెనాలి ఎక్కేందుకు వెస్ట్ బట్రెస్ దారి తెరుచుకుంది. ఇప్పుడు ఇక్కడ ఎక్కువగా తిరిగే డీహావిలాండ్ ఆటర్ రకం విమానం మొదటిసారి ఎగిరిందీ ఆ ఏడాది డిసెంబరులోనే. వాటి తయారీ 1967లో ఆగిపోయింది. పాత 600 హార్స్‌పవర్ పిస్టన్ ఇంజన్ తీసి టర్బైన్ పెట్టినా, ఒళ్లు మాత్రం యాభై ఏళ్లు దాటినదే. దాన్ని రోజూ మంచు మీద దిగేలా నిలబెడుతున్న మెకానిక్‌ల పేర్లు ఏ ఫొటో కిందా ఉండవు. అందుకే మా మొదటి దండం వాళ్లకు.

ఈ విమానం రన్‌వే మీద చక్రాలతో లేచి, మంచు మీద స్కీలతో దిగుతుంది. స్కీ మధ్య సందులోంచి చక్రం బయటికి ఉంటుంది. దిగేముందు పైలట్ హైడ్రాలిక్ పంపుతో స్కీలను చక్రాల కిందికి దించుతాడు. స్కీలకు బ్రేకులుండవు. గ్లేసియర్ వాలే బ్రేకు. అందుకే ఎగువకు దిగి, దిగువకు లేస్తారు. నేల తాకగానే ఇంజన్ తగ్గించేస్తే మెత్తటి మంచులో మధ్యలోనే కూరుకుపోతుంది. పై చివరిదాకా ఇంజన్ జోరు మీదే ఎక్కించి, అక్కడ తిప్పి, జారిపోకుండా వాలుకు అడ్డంగా నిలుపుతారు. ఎక్కువసేపు ఆగితే మరో చిక్కు. రాపిడికి స్కీల కింద కరిగిన నీరు మళ్లీ గడ్డకట్టి వాటిని పట్టేస్తుంది. అడుగున ప్లాస్టిక్ పలక ఉన్నా ఒక్కోసారి తోకను అటూఇటూ ఊపి విడిపించాల్సిందే. కొత్త మంచు పడితే స్నోషూలు వేసుకుని రన్‌వే తొక్కే పని జట్లది. ఆ పనికి పిలిస్తే ఎవరూ తప్పించుకోకూడదు.

అన్నిటికన్నా పెద్ద సాయం "ఇవాళ కాదు" అనడం. మబ్బు కమ్మితే మంచూ ఆకాశమూ ఒకే తెలుపు. కింద మంచు పది అడుగుల్లో ఉందో వంద అడుగుల్లో ఉందో కంటికి అందదు. రన్‌వే పక్కన జెండాలు పాతేది అందుకే. గాలి ఎటు, మబ్బు ఎంత ఎత్తులో, ఏ శిఖరం కనిపిస్తోంది, మంచు గట్టిగా ఉందా మెత్తగా ఉందా అన్నది మేనేజర్ రేడియోలో చెబితేనే కింద టాకీట్నాలో విమానం కదులుతుంది. సామాను తూచుకుని హ్యాంగర్ దగ్గర జట్లన్నీ పడిగాపులు కాస్తున్నప్పుడు కాదనడానికి గుండె కావాలి.

తూకం దగ్గర విసుక్కోవద్దు. సాధారణంగా మనిషికి 125 పౌండ్ల సామాను. పల్చటి గాలిలో రెక్కకు, ఇంజన్‌కు, ప్రొపెల్లర్‌కు బలం తగ్గుతుంది. మధ్యాహ్నం మెత్తబడ్డ మంచు స్కీలను వెనక్కి లాగుతుంది. తెల్లవారుజామున గట్టిగా ఉన్నప్పుడు లేచే బరువుతో ఎండెక్కాక లేవలేరు. స్టవ్ ఇంధనం మన సంచుల్లో ఎక్కించరు. వైట్ గ్యాస్‌కు (స్టవ్‌లో వాడే ద్రవ ఇంధనం) ముందే డబ్బు కడితే గ్యాలన్ డబ్బాలు బేస్‌క్యాంపులో చేతికిస్తారు. తాగే ప్రతి చుక్కా మంచు కరిగించిందే కాబట్టి మనిషికి రోజుకు 8 ఔన్సులు లెక్కేసుకున్నాం. అంటే ఒక గ్యాలన్ నలుగురికి నాలుగు రోజులు. ఖాళీ డబ్బాలు, చెత్త, మలం నింపిన మూత డబ్బాలు సహా తిరుగు ప్రయాణంలో మోసుకొచ్చేదీ ఇదే విమానం. ఆ పనిని వాళ్లు మొహం చిట్లించకుండా చేశారు.

2022లో మాలావత్ పూర్ణ డెనాలి ఎక్కాక మనవైపు ఈ కొండ మీద ఆశ పెరిగింది. వెళ్లేవాళ్లకు మా విన్నపం ఒకటే. దిగి వచ్చాక విమానం రాకపోయినా సరిపోయేలా కొన్ని రోజుల తిండి, ఇంధనం బేస్‌క్యాంపులో పాతిపెట్టండి. మీటరు లోతుకు తక్కువైతే అక్కడి బొంతకాకులు తవ్వి తినేస్తాయి. గుర్తుకు పొడవాటి వెదురు కర్ర నాటండి. ఇంటికి తిరుగు టికెట్‌కు కనీసం వారం వెసులుబాటు ఉంచుకోండి. టికెట్ పోతోందని పైలట్‌ను తొందరపెట్టే అవసరం మీకు రాకూడదు.