కుష్ఠు నిర్మూలన: రిజిస్టరు అంకె కాదు, పిల్లల కేసులు లెక్కపెట్టండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. కుష్ఠు వ్యాప్తిని 2027 నాటికి పూర్తిగా ఆపాలని కేంద్ర ప్రభుత్వం 2023 జనవరి 30న జాతీయ ప్రణాళిక విడుదల చేసింది. ప్రపంచ దేశాలు పెట్టుకున్న గడువు 2030. మనం మూడేళ్లు ముందే చేరుకోవాలన్నది సంకల్పం. మంచిదే. ఏటా జనవరి 30న, కుష్ఠు వ్యతిరేక దినాన జరిగే ర్యాలీలు, ప్రతిజ్ఞల వార్తలు మీ పత్రికలో చదువుతూనే ఉన్నాను. కుష్ఠు విభాగంలోనే ఉద్యోగమంతా చేసి రిటైరైనవాణ్ని. ఈ పథకం మళ్లీ పాత దారిన పోకూడదన్న ఆరాటంతో ఇది రాస్తున్నాను.

పాత దారి అంటే 2005 నాటి సంగతి. ఆ ఏడాది డిసెంబరు నాటికి దేశంలో ప్రతి పదివేల మందికి 0.95 మంది కుష్ఠు రోగులున్నారని లెక్క తేలింది. పదివేలకు ఒకరికంటే తగ్గితే కుష్ఠు ఇక ప్రజారోగ్య సమస్య కానట్టేనని 1991లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానించింది కాబట్టి, మనం నిర్మూలన సాధించామని ప్రకటించుకున్నాం. ఆ లెక్క ఎలా కడతారో జనానికి ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఫలానా రోజున మందులు వాడుతూ రిజిస్టరులో ఉన్నవాళ్ల సంఖ్య అది. కోర్సు పూర్తి కాగానే పేరు కొట్టేస్తారు. 1998 ప్రాంతంలో మచ్చలు ఎక్కువగా ఉన్న రకానికి కోర్సును రెండేళ్ల నుంచి ఏడాదికి తగ్గించారు. వైద్యపరంగా అది సరైన నిర్ణయమే, రోగులకు మేలు కూడా చేసింది. కానీ ఊళ్లో కొత్తగా జబ్బు పడేవాళ్లు ఒక్కరు కూడా తగ్గకపోయినా, రిజిస్టరులో మాత్రం ఆ రకం రోగులు సగమైపోతారు.

కొత్త కేసుల లెక్క చూస్తే ఇంకా ఆశ్చర్యం. 2001లో దేశం మొత్తం మీద 6 లక్షలకు పైగా కొత్త రోగులు బయటపడ్డారు. 2006 నాటికి అది 1.4 లక్షలకు దిగింది. ఒకే మనిషిని రెండుసార్లు నమోదు చేయడం, కుష్ఠు కాని మచ్చను కుష్ఠు అనడం లాంటి పాత తప్పులు సరిదిద్దడం వల్ల కొంత తగ్గిన మాట నిజం. కానీ ఈ సూక్ష్మజీవి ఒంట్లో చేరాక లక్షణం బయటపడటానికి సగటున ఐదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు కూడా పడుతుంది. అంత నిదానంగా కదిలే జబ్బు ఐదేళ్లలో నాలుగో వంతుకు పడిపోవడం జరగని పని. మనం వెతకడం తగ్గించాం. ఇంటింటి సర్వేలు ఆగాయి. కుష్ఠు పనిని సాధారణ ఆరోగ్య సేవల్లో కలిపేశారు. రిటైరైన పారామెడికల్ వర్కర్ల స్థానంలో చాలాచోట్ల కొత్తవాళ్లు రాలేదు. నిర్మూలన అయిపోయిన జబ్బుకు పోస్టులెందుకు అంటే ఏం జవాబు చెబుతాం? 2022-23లో కూడా దేశంలో లక్ష మందికి పైగా కొత్త రోగులు తేలారు. ప్రపంచం మొత్తం మీద ఏటా బయటపడే కేసుల్లో సగానికి పైగా మన దగ్గరే.

2016 నుంచి మళ్లీ ఇంటింటికీ తిరిగి కేసులు వెతికే కార్యక్రమం మొదలైంది. అది గొప్ప ముందడుగు. ఆశా కార్యకర్త, ఆమెతో పాటు ఒక మగ వాలంటీరు కలిసి రెండు వారాల పాటు ఇళ్లు తిరుగుతారు. మగవాళ్లేమో తెల్లారేసరికి పనికి వెళ్లిపోతారు, ఆడవాళ్లు వీపు, తొడలు చూపించడానికి సిగ్గుపడతారు. "ఒంటి మీద మచ్చలేమైనా ఉన్నాయామ్మా?" అని గుమ్మంలో అడిగి, లేవంటే టిక్ పెట్టుకుని వెళ్లడం తప్ప వాళ్లకు వేరే దారి ఉండదు. తప్పు వాళ్లది కాదు. ఒక్కొక్కరి మీద ఎన్ని సర్వేల భారం ఉందో చూస్తే వాళ్లను నిందించడానికి నోరు రాదు.

అసలు ఇబ్బంది ఈ జబ్బు స్వభావంలోనే ఉంది. మచ్చ దురద పెట్టదు, నొప్పి పుట్టదు. రాగి రంగులోనో, చుట్టూ ఉన్న చర్మం కంటే కాస్త పాలిపోయో ఉంటుంది. నొప్పి లేనిదాని కోసం కూలి పోగొట్టుకుని ఎవరూ పీహెచ్‌సీకి రారు. వచ్చినా ముందు ఆర్ఎంపీ దగ్గరికే. అక్కడ తామర మందు పూసుకుంటూ నెలలు గడిచిపోతాయి. కొందరికి మచ్చే ఉండదు. ముఖం నున్నగా మెరుస్తుంది, చెవి తమ్మెలు దళసరిగా అవుతాయి, అంతే. చూడటానికి ఆరోగ్యంగానే కనిపిస్తారు, కానీ ఎక్కువగా వ్యాప్తి చేసేది వాళ్లే. రోగిని కళ్లు మూసుకోమని బాల్‌పెన్ను మొనతో మచ్చ మీద తాకించి చూడటం, మోచేయి వెనక, మోకాలి పక్కన నరం తాడులా లావెక్కిందేమో వేళ్లతో పట్టి చూడటం, ఎవరైనా పక్కన కూర్చోబెట్టి నేర్పితేనే చేతికి వచ్చే పని. ఒక పూట ట్రైనింగులో స్లైడ్లు చూపిస్తే రాదు. చాలామంది యువ డాక్టర్లు చదువు పూర్తయ్యేలోపు కుష్ఠు రోగిని దగ్గరగా పరీక్షించింది తక్కువ.

ఎండీటీ (రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స) మందులు దేశంలో ముందుగా అందిన జిల్లాల్లో మా విజయనగరం, శ్రీకాకుళం ఉన్నాయి. 1980ల్లో ఆ మందులు వచ్చాక జనంలో ఎంత ధైర్యం వచ్చిందో కళ్లారా చూశాం. అవే జిల్లాల నుంచి ఇప్పుడు మనుషులు హైదరాబాదుకు, చెన్నైకి, బెంగళూరుకు బిల్డింగు పనులకు వలస పోతున్నారు. కోర్సు మధ్యలో ఊరు మారితే మందుల ప్యాకెట్లు ఆగిపోతాయి. రోగి ఎక్కడికి వెళ్లినా మందు వెంట రావాలి. నిక్షయ్ పోర్టల్‌తో క్షయ రోగులను వెన్నంటి చూస్తున్నట్టే కుష్ఠుకూ నికుష్ఠ్ పోర్టల్ ఉంది. అది డేటా నింపే పనికే పరిమితం కాకుండా, పక్క రాష్ట్రపు పీహెచ్‌సీకి ఫోన్ చేసి "మా మనిషి మీ దగ్గరకొచ్చాడు, చూసుకోండి" అని చెప్పేవరకు పోవాలి.

రోగి ఇంట్లోవాళ్లకు, ఇరుగుపొరుగుకు ముందు జాగ్రత్తగా ఒక్క మోతాదు రిఫాంపిసిన్ మాత్ర ఇవ్వడం ఇప్పుడు జాతీయ విధానం. బంగ్లాదేశ్‌లో జరిపిన పెద్ద పరిశీలనలో మొదటి రెండేళ్లలో ఇలా మాత్ర వేసుకున్నవారిలో కొత్త కేసులు సగానికి పైగా తగ్గాయి. అయితే నాలుగిళ్లలో మాత్రలు పంచితే రోగం ఎవరికో వీధంతా తెలిసిపోతుంది. ఆ భయంతోనే కొందరు రోగులు పక్కింటివాళ్ల పేర్లు చెప్పరు. వీధి మొత్తానికి చర్మ పరీక్షల శిబిరం పెట్టి, అందులో భాగంగా మాత్ర ఇస్తే ఎవరి పేరూ బయటపడదు. కాస్త ఖర్చవుతుంది, అవ్వనివ్వండి.

మందులు అయిపోయాయని రోగిని వదిలేయడం మరో పెద్ద తప్పు. కోర్సు మధ్యలోనో, ముగిసిన తర్వాతో నరాలు వాచి చేతిలో పట్టు తప్పుతుంది. దీన్ని రియాక్షన్ అంటారు. ఆరు నెలల లోపు గుర్తించి ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే చాలామందికి చెయ్యి దక్కుతుంది. ఆలస్యమైతే వేళ్లు వంకర తిరుగుతాయి, పాదం వాలిపోతుంది. ఆ వంకర సరిచేసే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు 12 వేల రూపాయలు ఇస్తున్నారు, సంతోషం. ఆ ఆపరేషనే అవసరం పడకుండా చేసే స్టెరాయిడ్ మాత్రలు, పుండు పడకుండా కాపాడే మెత్తటి రబ్బరు (ఎంసీఆర్) చెప్పులు అడిగిన రోజున దొరకాలి కదా!

ఇక గడువు దగ్గరకొచ్చేసరికి అందరి కళ్లూ అంకెల మీదే ఉంటాయి. ఈసారి సరైన అంకెనే చూద్దాం. వరుసగా కనీసం ఐదేళ్లు పిల్లల్లో స్థానికంగా సోకిన కేసు ఒక్కటీ రాకపోతేనే వ్యాప్తి ఆగినట్టని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు అంటోంది. పదేళ్ల పిల్లాడికి కుష్ఠు వచ్చిందంటే ఆ దగ్గర్లోనే మందు అందని పెద్దవాళ్లెవరో ఉన్నారని అర్థం. రెండు దశాబ్దాలకు పైగా స్థానిక కేసు లేకపోతేనే 2024లో జోర్డాన్‌ను కుష్ఠు నిర్మూలించిన తొలి దేశంగా గుర్తించారు. మన దగ్గర బడి పిల్లల ఆరోగ్య తనిఖీ బృందాలు ఇప్పటికే ఉన్నాయి. వాళ్లకు ఈ పరీక్ష బాగా నేర్పి, పిల్లల కేసులు ఎన్ని, అంగవైకల్యంతో బయటపడ్డవాళ్లు ఎందరు అన్నది మండలాల వారీగా ఏటా ప్రకటించాలి. వెతికిన చోట కేసులు పెరిగితే ఆ అధికారిని మెమోలతో వేధించకూడదు. కేసులు తేల్చినవాడికి చివాట్లు, సున్నా రాసినవాడికి మెచ్చుకోళ్లు అయితే 2005 మళ్లీ వస్తుంది.

మీ పత్రికకూ ఒక విన్నపం. నరం పట్టి చూడగలిగినవాళ్లు ప్రతి జిల్లాలో ఎంతమంది మిగిలారో, వాళ్లలో రాబోయే రెండేళ్లలో ఎందరు రిటైరవుతున్నారో, ఆ పోస్టుల్లోకి ఎవరైనా వస్తున్నారో లేదో మీ విలేకరులతో వాకబు చేయించి ప్రచురించండి. ఆ జాబితా చూస్తే 2027 మాట ఎంతవరకు నిలుస్తుందో పాఠకులకే తెలుస్తుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత పారామెడికల్ వర్కర్,
విజయనగరం జిల్లా