ఆ రాత్రి "సరే" అన్న ఇంటివాళ్లకు

సికింద్రాబాద్‌లో లష్కర్ బోనాలు దగ్గర పడుతున్నాయి. మల్కాజిగిరిలో మా వీధి చివర అప్పుడే మైకులు కడుతున్నారు. ఆ చప్పుడు వింటుంటే మనసు ఆగక ఇది రాస్తున్నాను. పోయిన ఏడాది బోనాల ఆదివారం రాత్రి నాకు కిడ్నీ కోసం ఫోన్ వచ్చింది. ఇచ్చినవాళ్లెవరో నాకు తెలియదు, నేనెవరో వాళ్లకు తెలియదు. వాళ్ల ఇంటికి పోయి దండం పెట్టుకునే దారి లేదు కాబట్టి నలుగురిలో ఇలా చెప్పుకుంటున్నాను.

నేను ఇంటి ముందు గదిలో మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడతాను. బీపీ ఉందని తెలిసేసరికే నా రెండు కిడ్నీలూ పాడైపోయాయి. ఆ తర్వాత నాలుగేళ్లు డయాలసిస్. వారానికి మూడు రోజులు, పోయినప్పుడల్లా నాలుగు గంటలు. లెక్క వేస్తే ఆరు వందల సార్లకు పైనే ఆ కుర్చీలో కూర్చున్నాను. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఎడమ చేతిలో రెండు రక్తనాళాలు కలిపి ఫిస్టులా చేశారు. రాత్రి ఆ చెయ్యి తల కింద పెట్టుకుంటే చెవిలో రక్తం జుయ్యిమని పారే చప్పుడు వినిపించేది.

సూదుల కంటే నన్ను ఎక్కువ ఏడిపించింది దాహం. మూత్రం రాదు కాబట్టి తాగిన ప్రతి చుక్కా ఒంట్లోనే ఉండిపోతుంది, కాళ్లు వాస్తాయి, ఆయాసం వస్తుంది. రోజంతటికీ కలిపి అర లీటరు సీసా నాది. చాయ్, చారు, మజ్జిగ అన్నీ అందులోనే లెక్క. ఏప్రిల్ ఎండలో మిషన్ తొక్కుతూ నాలుక అంగిలికి అతుక్కుపోతే ఒక ఐసు ముక్క బుగ్గన పెట్టుకుని అరగంట గడిపేదాన్ని. నా ముందు నీళ్లు తాగడానికి నా బిడ్డ మొహమాటపడి వంటింట్లోకి వెళ్లి తాగేది. ఆ సంగతి నాకు తెలియదనుకుంది, కానీ నాకు తెలుసు.

మా తమ్ముడు తన కిడ్నీ ఇస్తానన్నాడు, బ్లడ్ గ్రూప్ కలవలేదు. మా ఆయనకు షుగర్. అమ్మకు వయసైపోయింది. ఆ రోజుల్లోనే ఒకడు వచ్చి, ఇంత ఇస్తే కిడ్నీ నేను చూపిస్తా అన్నాడు. మా ఆయన వాడిని గేటు దాటేదాకా తరిమాడు. అవయవాలు కొనడం, అమ్మడం నేరమని 1994 నుంచే చట్టం ఉంది. అయినా చట్టం వరకూ ఎందుకు, ఎవరో పేదింటి మనిషి పొట్ట కోయించి నేను బతకడం నాకు వద్దు. చివరికి జీవన్‌దాన్‌లో పేరు రాయించుకున్నాం. 2013లో మొదలైన ప్రభుత్వ కార్యక్రమం అది, ఆఫీసు పంజగుట్ట నిమ్స్ ఆసుపత్రిలోనే ఉంది. బ్రెయిన్ డెడ్, అంటే మెదడు పూర్తిగా చచ్చిపోయినవాళ్ల అవయవాలు ఇంటివాళ్ల ఒప్పుదలతో తీసుకుని, లిస్టులో వరస ప్రకారం, బ్లడ్ గ్రూప్ చూసి ఇస్తారు.

లిస్టులో పేరు ఉన్నంత మాత్రాన ఫోన్ రాదు, ఫోన్ వచ్చినంత మాత్రాన కిడ్నీ రాదు. సంక్రాంతి ముందు ఒకసారి పిలిచారు. రక్తం తీసి క్రాస్ మ్యాచ్ చేశారు. దాత కణాల మీద నా రక్తం ఎదురు తిరుగుతోందని, పెడితే నిలవదని తేలింది. మర్నాడు పొద్దున్నే సిటీ బస్సులో ఇంటికి వచ్చేశాం. దారిలో ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

బోనాల రాత్రి పదకొండు దాటాక మళ్లీ ఫోన్. సికింద్రాబాద్ వైపు దారులన్నీ మూసేశారు, జనం, డప్పులు. మా వీధి ఆటో అన్న పొద్దున్నుంచీ తిరిగి అప్పుడే పడుకున్నాడట. తలుపు కొట్టగానే చొక్కా గుండీలు పెట్టుకుంటూనే బయటికొచ్చాడు. తార్నాక, విద్యానగర్, నారాయణగూడ మీదుగా తిప్పి తీసుకుపోయాడు. పైసలిస్తే "ఇయ్యాల్ల తీసుకుంటే అమ్మవారు ఊకుంటదా చెల్లె" అని తిరిగి నా చేతిలోనే పెట్టాడు. అన్నా, నీకు మొదటి దండం.

ఈసారి క్రాస్ మ్యాచ్ కలిసింది. తెల్లవారి ఆపరేషన్. కొత్త కిడ్నీని పొట్ట కింది భాగంలో కుడివైపు పెట్టారు. పాతవి రెండూ తీయలేదు, అలాగే ఉంటాయట. స్పృహ వచ్చాక మంచం పక్కన వేలాడే యూరిన్ బ్యాగు వైపే చూస్తూ పడుకున్నాను. మొదటి రోజు అడుగున ఒక గరిటెడు, అంతే. మళ్లీ ఒకసారి డయాలసిస్ చేశారు. నాకు ఏడుపు ఆగలేదు. రాత్రి డ్యూటీ సిస్టర్ వచ్చి "ఐసులో చాలాసేపు ఉండొచ్చింది కదమ్మా, లేవడానికి టైమ్ పడతది, నిద్రపో" అంది. మూడో రోజు తెల్లవారుజామున ఆ సిస్టరే టార్చి వేసి బ్యాగు గీతలు చూసి, "నూట ఇరవై" అని గట్టిగా అంది. గంట తర్వాత వచ్చి "నూట ఎనభై". పక్క మంచం దగ్గరున్న పెద్దావిడ లేచి కూర్చుని చప్పట్లు కొట్టింది.

ఆ మధ్యాహ్నం డాక్టరుగారు వచ్చి, ఇక రోజుకు మూడు లీటర్లు తాగాలి అన్నారు. మా ఆయన స్టీలు గ్లాసు నిండా నీళ్లు పోసి ఇచ్చాడు. నాలుగేళ్ల తర్వాత నిండు గ్లాసు. సగంలో ఆపి ఆయన మొహం చూశాను. "తాగు, ఎవరూ ఏమనరు" అన్నాడు. గ్లాసు ఖాళీ అయ్యాక అడుగున మిగిలిన బొట్టు కూడా ఒంపుకుని తాగాను.

నిమ్స్ నెఫ్రాలజీ, యూరాలజీ డాక్టర్లకు, సిస్టర్లకు, వార్డు తుడిచే అమ్మలకు, నా నాలుగేళ్ల డయాలసిస్ టెక్నీషియన్ పిల్లలకు నా నమస్కారాలు. ఆపరేషన్ ఖర్చు, ఇప్పుడు వాడుతున్న మందులు ఆరోగ్యశ్రీలో వస్తున్నాయి. పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి మాత్ర పడాల్సిందే. మన ఒళ్లు కొత్త కిడ్నీని పరాయిది అనుకుని తరిమేయకుండా ఆపేది అదే. ఒక్క పూట కూడా తప్పలేదు. ఈ కిడ్నీ మీరిచ్చిన వస్తువు, నిర్లక్ష్యం చేసే హక్కు నాకు లేదు.

కిడ్నీ ఇచ్చిన ఇంటివాళ్లారా, ఇప్పుడు మీతో మాట్లాడతాను.

అవయవదానం గురించి ఇంటివాళ్లతో మాట్లాడే కోఆర్డినేటర్ మేడమ్‌ను నేను చాలాసార్లు అడిగాను, అసలు ఆ సమయంలో ఇంటివాళ్లను ఎలా అడుగుతారు అని. ఆవిడ చెప్పింది విన్నాక నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. కోమా వేరు, బ్రెయిన్ డెడ్ వేరు. కోమాలో ఉన్న మనిషి లేచే ఆశ ఉంటుంది, మెదడు పూర్తిగా చచ్చిపోతే లేవరు. నలుగురు డాక్టర్లు, ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి గానీ ఆ మాట అనరు. సొంతంగా ఊపిరి తీసుకుంటారేమోనని వెంటిలేటర్ నుంచి తప్పించి కూడా చూస్తారు. అయినా కన్నవాళ్లకు కనపడేది వేరు కదా. ఒళ్లు వెచ్చగా ఉంటుంది. మిషన్ మీద ఛాతీ లేచి పడుతుంటుంది. నిద్రపోతున్నట్టే ఉంటారు. ఆ చెయ్యి పట్టుకుని, ఊరంతా బోనం ఎత్తుకున్న రోజున, మీరు "సరే" అన్నారు. నా బిడ్డ అలా పడుకుని ఉంటే నా నోట ఆ మాట వచ్చేదా? నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా జవాబు దొరకలేదు.

అప్పట్లో డయాలసిస్ కుర్చీలో కూర్చుని టీవీలో చూశాను, 2021 ఫిబ్రవరిలో, నాగోలు నుంచి జూబ్లీహిల్స్ దాకా ఎక్కడా ఆగకుండా మెట్రో రైల్లో గుండెను తీసుకుపోవడం. బయటికి తీసిన గుండె నాలుగైదు గంటలకు మించి నిలవదు కాబట్టి ఆ పరుగు. మేమందరం రైలునే చూశాం. ఆ రైలు ఎక్కించిన ఇల్లు ఎలా ఉందో ఒక్కరం అనుకోలేదు. ఇప్పుడు సైరన్ వినపడితే ముందు ఆ ఇల్లే గుర్తొస్తుంది.

దాతల పేర్లు ఒక్కోసారి పేపర్లో వస్తాయి. నా ఆపరేషన్ తర్వాత రెండు రోజుల పేపర్లు మా తమ్ముడు మడిచి బీరువా పైన పెట్టాడు, ఎప్పుడైనా చూస్తానంటే ఇద్దామని. ఏడాదిగా అవి అక్కడే ఉన్నాయి. నేను చూడలేదు. మీ దుఃఖం మీది, మీరు పిలవకుండా అందులోకి నేను రాకూడదనిపించింది.

మా ఆయన, నేను జీవన్‌దాన్‌లో దాతలుగా పేర్లు ఇచ్చాం. ఇది చదివేవాళ్లను కూడా ఒక్కటే బతిమాలుతున్నాను. కార్డు తీసుకుని పర్సులో పెట్టుకుంటే సరిపోదు, ఇంట్లో అన్నం తినేటప్పుడు నోరు తెరిచి చెప్పండి. ఎందుకంటే చివరికి డాక్టర్లు అడిగేది ఇంటివాళ్లనే. మీ మనసులో ఏముందో వాళ్లకు ముందే తెలిస్తే ఆ రాత్రి వాళ్ల మీద బరువు కొంచెం తగ్గుతుంది. మా అత్తమ్మ ఇంకా ఒప్పుకోలేదు, కళ్లిస్తే వచ్చే జన్మలో గుడ్డిగా పుడతామంటుంది. ఆమెతో పోట్లాడను. రోజూ నాకు చెంబు నిండా నీళ్లు తెచ్చి పక్కన పెట్టేది కూడా ఆమే.

వాడకట్టు పిల్లలు ఏడాదైందని కేకు తెస్తామన్నారు. వద్దన్నాను. నాకు ఏడాది అంటే మీ ఇంట్లో సంవత్సరీకం.

ఈ ఎండాకాలం మా షాపు ముందు రెండు కుండలతో చిన్న చలివేంద్రం పెట్టాను. పొద్దున్నే కడిగి నీళ్లు నింపి, వట్టివేళ్లు వేసి, గుడ్డ తడిపి చుట్టేదాన్ని. వానలు పడ్డాక కూడా తీయబుద్ధి కాలేదు, ఇంకా అక్కడే ఉన్నాయి. మల్కాజిగిరి స్టేషన్ వైపు పోయేవాళ్లు ఆగి తాగిపోతుంటారు. మిషన్ మీద తల వంచుకుని కుడుతూనే ఒక్కొక్కరి మొహం చూస్తుంటాను. మీరు కూడా ఎప్పుడో ఒక రోజు ఇటుగా వచ్చి ఉండొచ్చు.