మామా, ఈ సీటీ స్కాన్ సంగతి నీకే చెప్పాలి

ఒరేయ్ మామా,

జవాబు ఇంత ఆలస్యమైనందుకు తిట్టుకోకు, అన్నీ నైట్ డ్యూటీలే. అమ్మ బాగుంది. చెల్లి పెళ్లి మాఘంలో, నువ్వు రావాల్సిందే. మిగతావి ఫోన్లో. ఈ ఒక్కటి మాత్రం తీరిగ్గా రాయాలి, పైగా నువ్వు ఆర్థోలో ఉన్నావు.

బైక్ మీంచి పడి తొడ ఎముక విరిగిన కుర్రాడు, పాతికేళ్లు కూడా ఉండవు. వచ్చినప్పుడు ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది, పక్కటెముకలకు ఏమీ కాలేదు. మర్నాడు సాయంత్రానికి ఆయాసం, మాట తడబాటు, రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 84 శాతం. అందరిదీ ఒకటే అనుమానం, పల్మనరీ ఎంబాలిజం, అంటే ఊపిరితిత్తుల ధమనుల్లో రక్తం గడ్డ అడ్డుపడటం. రక్తనాళాలను చూపే సీటీ యాంజియో చేస్తే ధమనుల్లో ఒక్క గడ్డ లేదు! 'హమ్మయ్య' అన్నారు ఎవరో. నాకు ఆ మాట నచ్చలేదురా. గడ్డ లేకపోతే ఆ ఆయాసం ఎక్కడిది?

అదే స్కాన్‌ని ఊపిరితిత్తి స్పష్టంగా కనబడే లంగ్ విండోకి మార్చాను. రెండు వైపులా గ్రౌండ్ గ్లాస్ మసక, ఆవిరి పట్టిన అద్దంలా. మధ్యమధ్యలో బాగున్న ఊపిరితిత్తి. లోపలి అడ్డుపొరలు (సెప్టా) మందంగా, అక్కడక్కడా సన్నటి బొడిపెలు (నాడ్యూల్స్). ఊపిరితిత్తి కమిలిన కంట్యూజన్ అయితే దెబ్బ తగిలిన చోట, మొదటి కొన్ని గంటల్లోనే కనబడాలి కదా. ఇది ఒక రోజు ఆగి, రెండు పక్కలా వచ్చింది. ఫ్యాట్ ఎంబాలిజం అనిపించింది. మూలుగలోని కొవ్వు సిరల్లోకి చేరి కేశనాళికల్లో ఇరుక్కుంటే, ఆ బిందువులు సీటీలో గడ్డలా కనబడేంత పెద్దవి కావు. తర్వాత అదే కొవ్వు ఫ్యాటీ ఆసిడ్లుగా విడిపోయి ఆ నాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఈ 24 నుంచి 72 గంటల ఆలస్యంలో దాని చేయి కూడా ఉంది.

వార్డుకి పరుగెత్తాను. చంకల్లో, మెడ మీద ఎర్రటి చుక్కలు. కింది రెప్ప దించితే అక్కడా ఉన్నాయి. ఊపిరి, మెదడు, చర్మం, ఈ జబ్బును గుర్తుపట్టడానికి గర్డ్ అనే డాక్టర్ 1970లో రాసిన లక్షణాలన్నీ ఒకే మంచం మీద!

వాళ్ల నాన్న నా చెయ్యి పట్టుకుని, "కాలు విరిగితే ఊపిరి ఆడకపోవడమేంటి బాబూ?" అన్నాడు. ఆయన ముఖం చూసి... వద్దులే.

దీన్ని కరిగించే మందు లేదు కదా. వెంటిలేటర్ మీద పెట్టి కాచుకున్నాం. తర్వాతి ఎక్స్‌రేల్లో ఒక్కొక్క మచ్చే తగ్గిపోతుంటే ఎంత సంతోషమనిపించిందో! ఇప్పుడు నాన్నను పేరు పెట్టి పిలిచి పోట్లాడుతున్నాడు.

నీ దగ్గరికి తొడ ఎముక కేసు వస్తే చంకలు చూడరా, తప్పకుండా చూడు. విరిగిన ఎముకను వీలైనంత తొందరగా ఫిక్స్ చెయ్యండి. దీనికి స్టెరాయిడ్లు ఇవ్వాలా వద్దా అన్నదాని మీద మీ వాళ్ల వాదన ఏంటో కూడా రాయి, నాకైతే... క్యాజువాల్టీ నుంచి పిలుస్తున్నారు, వెళ్లాలి. ఉంటా.