డోర్నకల్ జంక్షన్, దాని చర్చిలు: మన సంఘం 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ వందనాలు, నమస్కారాలు.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక పని నెత్తికెత్తుకున్నాం. ఊళ్లో పెద్దవాళ్లు ఉండగానే వాళ్లు చెప్పేది రాసిపెట్టాలని. రైల్వే చరిత్ర ఒక పుస్తకంగా, చర్చిల చరిత్ర ఇంకో పుస్తకంగా వేద్దామని అప్పుడు తీర్మానం చేశాం. ఏడాది తిరిగేసరికి ఆ తీర్మానం మార్చుకోవాల్సి వచ్చింది. ఏ ఇంట్లో కూర్చుని అడిగినా రెండు కథలూ ఒకదాంట్లోంచి ఒకటి వచ్చాయి. విడదీస్తే రెండూ సగం సగమే మిగులుతాయి. అందుకే ఒకే పుస్తకం వేద్దామని కార్యవర్గం మీ ముందు పెడుతోంది. దానికి కారణం కాస్త వివరంగా చెప్పాలి.

ముందు రైలు సంగతి. ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో గుర్తించారు. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే లైను 1889 నాటికి వరంగల్ మీదుగా బెజవాడ దాకా పడింది. బొగ్గు గనులకు వెళ్లే కొమ్మ లైను మన దగ్గరే విడిపోయింది. డోర్నకల్ జంక్షన్ అయింది అందుకే. లేకపోతే మానుకోటకూ (మహబూబాబాద్) ఖమ్మానికీ మధ్య బండి ఆగకుండా పోయే పల్లెల్లో మనదీ ఒకటయ్యేది. ఇవాళ్టికీ భద్రాచలం రోడ్, మణుగూరు వైపు పోయే బండ్లు ఇక్కడే మలుపు తీసుకుంటాయి.

ఆ పట్టాల మీదనే, తర్వాత మన బిషప్ అయిన అజరయ్యగారు వచ్చారు. ఆయన మన ప్రాంతం మనిషి కాదు. తిరునల్వేలి జిల్లా వెళ్లాళన్‌విలై గ్రామంలో 1874లో పుట్టారు. విదేశీ డబ్బు లేకుండా, మన దేశస్థులే నడిపే సువార్త సంఘం ఉండాలని 1903లో పాలయంకోటలో ఇండియన్ మిషనరీ సొసైటీని మొదలుపెట్టినవాళ్లలో ఆయన ముఖ్యులు. ఆ సంఘం పని చేయడానికి ఎంచుకున్న చోటు మన డోర్నకల్. 1909లో ఆయనే కుటుంబంతో ఇక్కడికి వచ్చేశారు. మొదట్లో గుడారంలో ఉన్నారు. తెలుగు నేర్చుకున్నారు. ఎడ్లబండి మీద, సైకిల్ మీద పల్లెపల్లెకూ తిరిగారు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండ్ చర్చి శాఖలో, బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీల మహాసభలో తెల్లవాళ్ల ముందు నిలబడి, మీరు దానాలు చేశారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, ఇప్పుడు మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని అడిగిన మనిషి. అంత మాట అన్నాయన కాపురం ఉన్నది మన ఊళ్లోనే. ఇది మన పిల్లల్లో చాలామందికి తెలియదు. ఈ ఏడాది హైస్కూలు పిల్లలతో మాట్లాడినప్పుడు మాకు బాగా బాధ అనిపించిన విషయం ఇదే.

మొదట ఆయనకిచ్చిన మండలం (డయాసిస్) చిన్నది. 1920 తర్వాత కృష్ణా, గుంటూరు, కర్నూలు వైపు మిషన్ ప్రాంతాలు కూడా కలిశాయి. 1935 నాటికి డయాసిస్‌లో 250 మంది భారతీయ గురువులు (పాస్టర్లు), రెండు వేలకు పైగా గ్రామ ఉపాధ్యాయులు ఉన్నారు. అంత మేర తిరగడం, వాళ్లందరినీ పిలిపించి కలపడం జంక్షన్ లేని ఊరి నుంచి సాగే పని కాదని మా నమ్మకం. క్రైస్తవ సంఘంలో చేరినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. బాప్తిస్మం అప్పుడు ఆయన ఒక్కొక్కరినీ తల మీద చెయ్యి పెట్టుకుని, "సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అని చెప్పమనేవారట. ఊరి బావి దగ్గరకు రానివ్వని మనిషి చేత నువ్వూ బోధించాలి అని చెప్పించడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

డయాసిస్ ముఖ్య చర్చి అయిన ఎపిఫనీ కేథడ్రల్ గురించి సమావేశంలో ఎక్కువసేపు మాట్లాడుకున్నాం. కట్టడానికి ఏళ్లకేళ్లు పట్టింది. 1939 జనవరి 6న, జ్ఞానులు బాలయేసును చూసిన ఎపిఫనీ పండుగ రోజునే, ప్రతిష్ఠ చేశారు. గుమ్మటాలు, మినార్లు చూస్తే మసీదు గుర్తొస్తుంది. లోపలికి వెళ్తే స్తంభాలు గుడి మండపంలోవిలా ఉంటాయి. ఇంగ్లండ్ చర్చికి నకలు కట్టడం అజరయ్యగారికి ఇష్టం లేదు. దారిన పోయేవాళ్లెవరికీ ఇది పరాయి కట్టడంలా అనిపించకూడదని అనుకున్నారు. ఆయన 1945 జనవరి 1న ఇక్కడే కన్నుమూశారు. వేరువేరు చర్చిలు ఒకటి కావాలని 1919 తరంగంబాడి సభ నుంచి పాటుపడ్డారు; అలా ఒకటైన దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. అది చూడడానికి ఆయన లేరు.

ఇక ఇళ్లలో మేం విన్నవి. రైల్వేలో రిటైరైన ఒక పెద్దాయన ట్రంకు పెట్టె తెరిచి వాళ్ల నాన్న కీర్తనల పుస్తకం చూపించారు. అట్ట ఊడిపోయింది, అంచులు బొగ్గు చేతులు పట్టీపట్టీ నల్లబడ్డాయి. పేజీ గుర్తుకు పెట్టుకున్నది పాత రైల్వే పాసు. క్రిస్మస్ ముందు రాత్రి ముస్లిం, హిందూ తోటి ఉద్యోగులు క్రైస్తవులైన వీళ్ల డ్యూటీ చేసేవాళ్లట. రంజాన్‌కీ దసరాకీ వీళ్లు వాళ్ల డ్యూటీ చేసేవాళ్లు. ఎవరూ కాగితం రాసుకోలేదు, మాట మీదే నడిచింది. చుట్టుపక్కల పల్లెల్లో మట్టిగోడల మీద తాటాకు కప్పిన ప్రార్థన మందిరాల గురించి ఇంకో అమ్మగారు చెప్పారు. పగలు అదే బడి, ఆదివారం అదే గుడి. అయ్యగారు వచ్చే రోజు వాళ్ల నాన్న స్టేషన్ దాకా నడిచొచ్చి బండి కోసం కాచుకునేవారట.

2024 సెప్టెంబరు 1 మనకెవరికీ మరిచిపోయే రోజు కాదు. ప్రభు సంస్కారం (రొట్టె, ద్రాక్షారసం) తీసుకునే ఆదివారం. రాత్రంతా వాన. కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. రెండువైపులా రైళ్లు ఆగిపోయాయి. పొద్దున ఆరాధనకు వచ్చినవాళ్లు చాలా తక్కువ. వచ్చినవాళ్లందరం గమనించింది ఒకటే: ప్రసంగం మధ్యలో ఒక్క బండి కూత కూడా వినిపించలేదు. పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడు మధ్యే ప్రార్థన చేసిన వాళ్లం. ఆ నిశ్శబ్దానికి టెన్షన్ పుట్టింది. తర్వాత నాలుగు రోజులూ మన సభ్యులు తండాలకు బియ్యం, దుప్పట్లు మోశారు. పేర్లు రాయొద్దని వాళ్లే అన్నారు కాబట్టి రాయడం లేదు.

చేయలేకపోయినవి కూడా చెప్పాలి. పాత ఫొటోలు స్కాన్ చేయించడం సగంలోనే ఉంది. పని అప్పగించిన దుకాణం ఆలస్యం చేసింది, వానకు కొన్ని తడిశాయి. ఇచ్చిన కుటుంబాలకు కార్యదర్శిగా నేను స్వయంగా వెళ్లి క్షమాపణ చెప్పాను. ఇకమీదట ఫొటోలు ఎవరి ఇంటి గడపా దాటవు, ఫోన్‌తో అక్కడికక్కడే తీసుకుంటాం. జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం.

తొంభై దాటిన ముగ్గురి దగ్గరకు ఇంకా వెళ్లలేదు. అందులో ఒకరికి చూపు మందగించింది, మాట మాత్రం స్పష్టంగా ఉంది. వచ్చే ఆదివారం ఆరాధన అవగానే వాళ్లింటికే బయల్దేరుతున్నాం. రైల్వే కాలనీ భాష, పాత డ్యూటీల పేర్లు తెలిసినవాళ్లు ఇద్దరు మాతో వస్తే మేలు. స్టేషన్ గేటు దగ్గర కలుద్దాం.

కార్యదర్శి