ఉప్పునీటి అక్వేరియంలోకి కళింగపట్నం ఇసుక వద్దు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఉప్పునీటి అక్వేరియం పెట్టుకునే మన జిల్లా కుర్రాళ్లు కొందరు కళింగపట్నం, బారువ వెళ్లి సంచులకెత్తి ఇసుక తెస్తున్నారు. సముద్రపు చేపకు సముద్రపు ఇసుకే మంచిదని వాళ్ల నమ్మకం. మన తీరపు ఇసుకలో ఇల్మనైట్ లాంటి నల్ల ఖనిజాలు ఉంటాయి. గుప్పెడు ఇసుక కాగితం మీద పోసి కింద గట్టి అయస్కాంతం ఆడించండి, నల్ల రేణువులు దాని వెంటే పాకుతాయి. అద్దం తుడిచే అయస్కాంతపు బ్రష్షుకూ అవే పట్టుకుంటాయి, ఇక అద్దం నిండా గీతలే. పైగా తీరంలో ఇసుక తవ్వకాన్ని సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నిబంధనలు ఒప్పుకోవు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టుకునే ఇసుక అది, అక్కడే ఉండనివ్వాలి.

అక్వేరియం కోసం అమ్మే అరగొనైట్ (సున్నపు ఖనిజం) ఇసుక కొనండి, పంచదార పలుకంత సైజుది. 60 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు తొట్టెలో రెండున్నర సెంటీమీటర్ల మందాన పరవడానికి సుమారు 10 కిలోలు చాలు. ముందు రాళ్లను అడుగు అద్దం మీద కుదురుగా నిలబెట్టి, తర్వాతే ఇసుక పోయాలి. ఇసుక మీద నిలబెడితే గోబీ చేప కింద తవ్విన రోజున రాయి ఒరిగిపోతుంది. పొడి ఇసుకైతే నీరు తేటపడేదాకా కడగాలి. తడి ప్యాకెట్లో వచ్చే లైవ్ శాండ్‌ను మాత్రం కుళాయి నీటితో కడగొద్దు, అందులోని బ్యాక్టీరియా కోసమే కదా అంత డబ్బు పెట్టేది! చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ నీళ్లలో సున్నాకు వచ్చేదాకా, మామూలుగా 4 నుంచి 6 వారాలు, చేపల్ని వేయకూడదు.

ఎక్కువమంది తప్పు చేసేది మందం దగ్గరే. పై పొరలో ఆక్సిజన్ అందినంత మేర బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ నైట్రేట్‌ను వాయువుగా మార్చి వదిలే బ్యాక్టీరియాకు ఆక్సిజన్ చేరని లోతు కావాలి, అంటే 10 సెం.మీ. పైనే. 5, 6 సెం.మీ. వేసి వదిలేస్తే మురికి పేరుకోవడమే తప్ప ఆ ఫలితం సరిగా దక్కదు. కొత్తవాళ్లు 3 సెం.మీ. దాటకండి. వారం వారం నీళ్లు మార్చేటప్పుడు సైఫన్ గొట్టంతో నాలుగో వంతు ఇసుకనే శుభ్రం చేయండి. లోతు ఇసుకలో నల్ల మచ్చలు కనిపిస్తే కంగారుపడి కెలకొద్దు. కుళ్లిన గుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ ఒక్కసారిగా నీళ్లలో కలిస్తే చేపలు దక్కవు. తొట్టె జరపాల్సి వస్తే ముందు చేపల్ని పాత నీళ్లతోనే బకెట్లోకి మార్చుకోవాలి.

2018లో తిత్లీ తుపానుకు మన జిల్లాలో ఎన్నో ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. పంపు ఆగినా ఇసుకలోని బ్యాక్టీరియా చేపలతో పాటు ఆక్సిజన్ వాడేస్తూనే ఉంటుంది. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి, విడి బ్యాటరీలతో సహా, తొట్టె పక్కనే ఉంచుకోండి.

– ఉప్పునీటి చేపల పెంపకందారులు, శ్రీకాకుళం