కొండకు పోయే కుక్కకూ ఒక సంచి కావాలి

సంపాదకులకు నమస్కారం.

చలిగాలి మొదలైందంటే చాలు, ఆదివారం తెల్లవారకముందే కడప, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పట్టణాల యువకులు బండ్లెక్కి గండికోట వైపో, పాలకొండల వైపో బయలుదేరుతున్నారు. ఈ మధ్య పెంపుడు కుక్కలను కూడా వెంటబెట్టుకుని పోతున్నారు. మూగజీవానికి నాలుగు గోడలు దాటి తిరిగే భాగ్యం దొరకడం నాకెంతో సంతోషం. అయితే వాళ్ళ సంచుల్లో చిత్రాన్నం, బిస్కెట్లు, ఛార్జర్లు అన్నీ ఉంటాయి కానీ కుక్క కోసమంటూ మెడతాడు తప్ప మరొకటి కనిపించదు. కార్తీక వనభోజనాలు దగ్గర పడుతున్నందున ఈ లేఖ రాస్తున్నాను.

ఆ తప్పు నేనూ చేశాను. కిందటి మార్చిలో, నల్లోడని మేము పిలుచుకునే ఇరవై కిలోల నాటు కుక్కను తీసుకుని ఉదయం ఎనిమిది దాటాక ఒక గుట్ట ఎక్కాము. మా ముగ్గురికీ కలిపి రెండు సీసాల నీళ్ళు మాత్రమే ఉన్నాయి. దిగేటప్పటికి పదకొండయింది. దారి మధ్యలో నల్లోడు ఒక రేణిచెట్టు కింద కూలబడి, ఎంత పిలిచినా లేవలేదు. చిగుళ్ళు ఎర్రగా కంది, నోటి నుంచి చిక్కటి చొంగ తీగలాగా కారుతూ ఉంది. అటుగా వచ్చిన ఒక గొర్రెల కాపరి తన క్యానులోని నీళ్ళన్నీ దాని పొట్ట మీద, తొడల సందున, పాదాల మీద పోసి, తన తువ్వాలుతో విసిరాడు. “ఈ యాళకు మా కుక్కలే చెట్టు కింద పండుకుంటాయి, దీన్ని యాడికి తోలకపోతాండారమ్మా?” అని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ తువ్వాలుతోనే జోలె కట్టి కుక్కను కిందికి మోసుకొచ్చాము. అది బతికింది.

కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పడమే అది వేడి దించుకునే ముఖ్యమైన మార్గం. దాని ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది, 106 దాటిందంటే ప్రాణాపాయమే. అటువంటప్పుడు ముందు చల్లబరచాలి, ఆ తరువాతే ఆసుపత్రికి పరుగెత్తాలి. ముక్కు చప్పిడిగా ఉండే పగ్ వంటి జాతులకు సరిగా రొప్పడం కూడా చేతకాదు కనుక వాటిని కొండకు తీసుకుపోకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

కాబట్టి సంచిలో మొదటి స్థానం నీళ్ళది. ఇరవై కిలోల కుక్క ఇంట్లో ఉన్న రోజే సుమారు లీటరు నీళ్ళు తాగుతుంది; మూడు గంటల నడకకు నేను దాని కోసం విడిగా లీటరున్నర పెట్టుకుంటాను. ఒక తేలికపాటి గిన్నె తీసుకుని, అరగంటకోసారి ఆగి కొంచెం కొంచెంగా తాగిస్తాను. కడుపు నిండా తిన్న వెంటనే ఎక్కించడం ప్రమాదం కనుక ఇల్లు కదలడానికి రెండు మూడు గంటల ముందే కాస్త తినిపించి, మిగిలింది దిగాక పెట్టాలి. పులిహోర, ఉల్లిపాయ వేసిన కూరలు, ద్రాక్ష, చాక్లెట్ దానితో పంచుకోకూడదు.

పాదాల సంగతి కడప వాళ్ళకు వేరే చెప్పాలా? మేడ మీద పరచిన నల్లబండపై మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా మనం నిలవలేము. అరచేతి వెనుక భాగాన్ని బండకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ బండ మీద కుక్కను నడిపించకూడదు. పల్లేరుకాయ గుచ్చుకున్న కుక్క మూడు కాళ్ళ మీద కుంటుతూ వచ్చి మన ముందు కూర్చుంటుంది. వేళ్ళ సందు విడదీసి చూస్తే ముల్లు మెత్తలో దిగి, చుట్టూ వెంట్రుకలు అతుక్కుని ఉంటాయి. అందుకోసం ఒక పట్టకారు, దూది, కట్టుగుడ్డ, పోవిడోన్ అయోడిన్, కట్టు మీద తొడగడానికి ఒక పాత సాక్సు పెట్టుకోవాలి. మనుషుల నొప్పిమాత్రలు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడదు. జోలెకు ఒక గట్టి నూలు పంచె లేకుండా నేను ఇప్పుడు గడప దాటను. పాము కరిస్తే కుక్కను నడిపించకుండా, కాటు పడిన చోట కోయకుండా, బిగించి కట్టకుండా అదే జోలెలో పశువైద్యుని దగ్గరికి చేర్చాలి.

కుక్క వీపుకే కట్టే సంచులు ఇప్పుడు దొరుకుతున్నాయి. ఏడాది దాటని పిల్లకు బరువు పెట్టకూడదు. పెద్ద కుక్కకైనా మొదట్లో దాని బరువులో పదో వంతు మించకుండా, రెండు పక్కలా సమానంగా సర్దాలి. ఒక వారం పాటు ఖాళీ సంచితో వీధిలో తిప్పి అలవాటు చేయాలి. పట్టీకీ చర్మానికీ మధ్య రెండు వేళ్ళు దూరకపోతే ముందుకాలి చంక కింద వెంట్రుకలు ఊడి పచ్చిపుండవుతుంది.

తాడు వదలడం మన కొండల్లో తగదు. ఎలుగుబంటిని చూసి మొరిగిన కుక్క తిరిగి యజమాని దగ్గరికే పరుగెత్తి వస్తుంది, దాని వెనుకే ఎలుగూ వస్తుంది. చిరుతకు కుక్క ఇష్టమైన ఆహారం. లంకమల వంటి అభయారణ్యాల్లోకి మాత్రం తాడు ఉన్నా కుక్కను తీసుకుపోవద్దని వేడుకుంటున్నాను. అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మళ్ళీ కనిపించింది ఈ కడప జిల్లా చిట్టడవుల్లోనే, అది నేల మీదే తిరిగే పక్షి. 2018లో గిర్ అడవిలో సింహాలను చంపిన డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు కుక్కలకూ వచ్చేదే, వాటి నుంచి అడవి జంతువులకు సోకగలదు.

జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం సందర్భంగా పశువైద్యశాలల్లో కుక్కలకు రేబిస్ టీకాలు వేస్తున్నట్టే, కార్తీకానికి ముందు ఒక ఆదివారం కొండకు పోయే కుక్కల పాదాలు, గోమార్లు, టీకాల వివరాలు పరీక్షించి, సంచిలో ఏమేమి ఉండాలో యజమానులకు చెప్పి పంపే ఏర్పాటు చేయాలని జిల్లా పశుసంవర్ధక శాఖ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ప్రొద్దుటూరు, కడప జిల్లా